తల్లి రెండో పేరుకూ దరఖాస్తులో ఒక గడి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నేను దేవరకొండలో జిరాక్స్ కొట్టు నడుపుతున్నాను. ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లే దారిలో ఉండడం వల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా చేతికొచ్చేవి ఆధార్ కార్డులు, పదో తరగతి మెమోలు, పట్టాదారు పాసు పుస్తకాలు, జనన ధ్రువపత్రాలే. ఒక మనిషి కాగితాలన్నీ వరసగా అద్దం మీద బోర్లించేటప్పుడు ఆ మనిషి ఏనాడూ గమనించని సంగతి నా కంట పడుతుంది. ఒక కాగితంలో ఉన్న తండ్రి పేరు ఇంకో కాగితంలో ఉండదు. తల్లి పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ పేర్ల తికమక వల్ల నాకు నష్టమేమీ లేదు, నిజానికి లాభమే. అఫిడవిట్‌కు నకళ్లు, దానికి జతచేసే కాగితాలకు నకళ్లు, వెనక్కి పంపితే మళ్లీ మొదటి నుంచి అన్నీ. ఆ డబ్బంతా నా గల్లాపెట్టెలోకే వస్తుంది. అయినా ఈ ఉత్తరం రాస్తున్నానంటే, ఈసారి ఆ తికమకలో ఉన్నది నా కూతురు. తేడా వచ్చింది నా పేరులో.

మా వైపు పేర్లు చాలావరకు దేవుళ్ల వెంట వస్తాయి. యాదగిరిగుట్టకు మొక్కుకుని కన్నవాళ్లు యాదయ్య, యాదగిరి, యాదమ్మ. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే సైదులు, సైదమ్మ. పాలమూరు వైపు కురుమూర్తి స్వామి పేరున కురుమయ్య. బడిలో యాదయ్య అయినవాడు పొలం కాగితంలో యాదగిరి అవుతాడు. ఇంగ్లీషులో రాసేటప్పుడు యాదయ్యకు చివర 'వై వై ఏ' అని ఒకరు రాస్తారు, 'ఐ ఏ హెచ్' అని ఇంకొకరు రాస్తారు. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే రమావత్, నేనావత్, కేతావత్ ఇంటిపేర్ల వాళ్లకు చివర 'టీ' తర్వాత 'హెచ్' ఉందా లేదా అన్నదే పెద్ద పంచాయితీ. ఇవన్నీ అక్షరాల తేడాలు. వీటికి ఏదో ఒక దారి ఉంది. ఓటరు కార్డుకు ఫారం 8 ఉంది. ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లు మార్చుకోనిస్తారు. ఉద్యోగుల భవిష్య నిధి(పీఎఫ్)లో, 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో సభ్యత్వ సంఖ్య పొందినవాళ్లు తల్లిదండ్రుల పేర్లను ఇప్పుడు యజమాని ఆమోదం లేకుండా ఆన్‌లైన్‌లోనే సరిచేసుకోవచ్చు. తప్పు రాసింది ఎవరైనా దిద్దించుకునే ఖర్చు మనదే. ఆధార్ కేంద్రంలో ఆ రుసుము 50 రూపాయలు ఉండేది, 2025 అక్టోబరు నుంచి 75 అయింది. సరే, కట్టుకుందాం. నా గొడవ అది కాదు. ఏ కాగితంలోనూ తప్పు లేకపోతే దేన్ని దిద్దించాలన్నది నా గొడవ.

నేను పుట్టింది అచ్చంపేట వైపు ఒక పల్లెలో. పేరు యాదమ్మ. నా బడి రిజిస్టరులో, నా పదో తరగతి మెమోలో, చివరికి నా పెళ్లి శుభలేఖలో కూడా అదే పేరు. అత్తగారింటికి వచ్చేసరికి మా అత్త పేరు కూడా యాదమ్మే. కొడుకు తన తల్లి పేరు పెట్టి పెళ్లాన్ని కేకేయలేడు కదా. మామగారు కూడా ఆ పేరు కోడలికి కుదరదన్నారు. మా ఆడపడుచు తనకు నచ్చిన టీచరమ్మ పేరొకటి తెచ్చి నాకు తగిలించింది, సుజాత అని. నన్నెవరూ అడగలేదు, నేనూ వద్దనలేదు. పేరు బాగానే ఉంది. ఇది మా ఇంట్లో మాత్రమే జరిగిన వింత అనుకోవద్దు. మా వీధిలోనే పుట్టింటి పేరు ఒకటి, మెట్టినింటి పేరు ఒకటి ఉన్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అత్తదో తోడికోడలిదో పేరు కలిసిందనో, పేరు పాతకాలపుదనో, జాతకం చూసిన అయ్యవారు అక్షరం మార్చమన్నారనో మార్చారు.

రేషన్ కార్డు రాసేవాళ్లు వచ్చినప్పుడు మామగారు కోడలి పేరు సుజాత అని చెప్పారు. రేషన్ కార్డు చూసి ఓటరు కార్డు ఇచ్చారు. దాన్ని చూసి ఆధార్, ఆధార్ చూసి బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, మహిళా సంఘం అప్పు కాగితాలు. అలా ఒకదాని వెంట ఒకటిగా నేను పూర్తిగా సుజాతనైపోయాను. కాకపోతే పాన్ కార్డులో 'హెచ్' లేని సుజాతను, ఆధార్‌లో 'హెచ్' ఉన్న సుజాతను. ఆ ముచ్చట ఇప్పుడు వద్దు.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. 2003లో అచ్చంపేటలో నాకు కూతురు పుట్టింది. ఆస్పత్రిలో పేర్లు చెప్పింది మా అమ్మ. మా అమ్మకు సుజాత ఎవరో తెలియదు, ఆమె కన్నది యాదమ్మను. కాబట్టి జనన ధ్రువపత్రంలో తల్లి పేరు యాదమ్మ. రెండో కాన్పు దేవరకొండలోనే అయింది, పేర్లు చెప్పింది మా ఆయన, కనుక కొడుకు ధ్రువపత్రంలో తల్లి సుజాత. కూతుర్ని చెయ్యి పట్టుకుని బడిలో వేసింది మామగారు. ఆ రోజుల్లో ధ్రువపత్రం అడిగినవాళ్లు లేరు. బడి రిజిస్టరులో తల్లి సుజాత. బడి రిజిస్టరును బట్టి పదో తరగతి మెమోలోనూ సుజాతే. ఎవరు ఏది చెప్పినా నిజమే చెప్పారు. అయినా కాగితాలు ముందేసుకుని చూస్తే నా కూతురికి ఇద్దరు తల్లులు. ధ్రువపత్రాలు రెండూ పక్కపక్కన పెడితే నా బిడ్డలిద్దరూ ఒక తండ్రికి ఇద్దరు భార్యల వల్ల కలిగిన సంతానం. మా ఆయనకు ఇది తలుచుకున్నప్పుడల్లా నవ్వు. మొదట్లో నేనూ నవ్వాను.

అమ్మాయి నర్సింగ్ చదివింది. విదేశంలో ఉద్యోగానికి కాగితాలు సిద్ధం చేసుకోమన్నారు. పాస్‌పోర్టు, మెమో, జనన ధ్రువపత్రం అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలట. పరిశీలించిన మనిషి ఎర్ర కలంతో ధ్రువపత్రం నకలు మీద యాదమ్మ చుట్టూ ఒక సున్నా, మెమో నకలు మీద సుజాత చుట్టూ ఒక సున్నా చుట్టి, రెండింటినీ కలుపుతూ ఒక గీత గీసి, ఆ గీత మీద ప్రశ్న గుర్తు పెట్టి ఇచ్చారు. ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. ఆ మనిషి మర్యాదగానే మాట్లాడారు. ఆ తర్వాత మేం వెళ్లిన చోట్ల కూడా చాలామంది మర్యాదస్తులే. అందరూ ఒకే మాట అన్నారు: అవతలి కాగితం మార్పించుకురండి.

జననం నమోదైన చోటికి వెళ్లాం. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని 15వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో తప్పు పడిందని రుజువైతే, పాత నమోదును కొట్టేయకుండా పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, రాసిన తేదీ వేసి సంతకం చేయాలి. "తప్పు పడిందని రుజువేదమ్మా?" అని అడిగారు. నిజమే, తప్పు పడలేదు. నా మెమో తీసి చూపిస్తే ధ్రువపత్రంలో ఉన్నదే సరైన పేరని ఇంకా గట్టిగా తేలింది. బడికి వెళ్లాం. మెమోలో సవరణ కావాలంటే ప్రధానోపాధ్యాయుడు ప్రతిపాదన రాయాలి, అది జిల్లా విద్యాధికారి దగ్గరికి, అక్కడి నుంచి హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానికి పోవాలి. బడి రిజిస్టరులో ఒకటి ఉండి మెమోలో ఇంకొకటి పడితే అలా పంపవచ్చు. మా విషయంలో రెండింటిలోనూ సుజాతే. ఇక్కడా తప్పు లేదు. పోనీ నా ఆధార్‌నే యాదమ్మగా మార్చుకుందామంటే, దాని వెంట బ్యాంకు, పాన్, ఓటరు కార్డు, సంఘం అప్పు, ఇప్పుడు బడిలో ఉన్న కొడుకు కాగితాలు అన్నీ కదులుతాయి. పిల్లలకు అపార్ అనే విద్యార్థి గుర్తింపు సంఖ్య ఇవ్వడానికి బడి రికార్డును ఆధార్‌తో పోల్చి చూస్తున్న రోజులివి. కూతురి కాగితాలు సర్దడానికి కొడుకు కాగితాలు చెదరగొట్టుకునే తల్లి ఉంటుందా?

గెజిట్‌లో వేయించుకోమని కొందరన్నారు. అఫిడవిట్, పత్రికా ప్రకటన, చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం చుట్టూ తిరగడం, ఇవి చేతకాక కాదు. పేరు మార్చుకున్నవాళ్లకు గెజిట్. నేను పేరు మార్చుకోలేదు. పుట్టింటికి వెళ్తే ఈ రోజుకీ యాదమ్మనే, బస్సు దిగి ఇంటికి వస్తే సుజాతను. "ఇకపై నేను సుజాతగా పిలవబడతాను" అని ఈ ఏడు ప్రకటిస్తే, అంతకు చాలా ఏళ్ల ముందే మెమోలో సుజాత ఎలా వచ్చిందని ఇంకో ఎర్ర సున్నా చుట్టరా?

వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ కూడా చేయించాం. యాదమ్మ, సుజాత ఇద్దరూ ఒక్కరేనని నేను ప్రమాణం చేశాను. ఒక కౌంటరులో తీసుకున్నారు. ఇంకో కౌంటరులో, మీ గురించి మీరు చెప్పుకుంటే సరిపోదన్నారు.

దళారులూ తగిలారు. ఒకతను చాలా తేలికైన దారి చెప్పాడు. అచ్చంపేట ధ్రువపత్రం సంగతి మరచిపోయి, అమ్మాయి దేవరకొండలో ఇంట్లోనే పుట్టిందని, అప్పట్లో నమోదు చేయించలేదని దరఖాస్తు పెడితే, ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్య నమోదు కింద కొత్త ధ్రువపత్రం వస్తుందట, అందులో తల్లి పేరు సుజాత అని వేయించవచ్చట. ఒకసారి కన్న బిడ్డను మళ్లీ కనమన్నాడన్నమాట, అదీ అబద్ధం మీద. నిజం చెప్పినవాళ్లకు దారి లేదు, అబద్ధం చెప్పేవాళ్లకు రేటు ఉంది. ఇలా ఎంతమంది కొత్తగా పుట్టి ఉంటారో నాకు అనుమానంగానే ఉంది.

అన్నింటికంటే నన్ను కుదిపింది మాత్రం మంచి మనసుతో ఇచ్చిన సలహా. "పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి పేరు వదిలేయండమ్మా, తండ్రి పేరు ఒక్కటి చాలు" అన్నారు ఒకరు. ఆ నిబంధన ఉన్నది నిజమే. తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఎవరో ఒకరి పేరు ఇస్తే చాలని 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ప్రకటించింది. ఒంటరి తల్లుల పిల్లలకు, తల్లీదండ్రీ లేని పిల్లలకు ఎంతో మేలు చేసిన మార్పు అది, నేను కాదనను. కానీ నేను బతికే ఉన్నాను. అమ్మాయి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎవరికోసమో తెరిచిన తలుపులోంచి నన్ను బయటికి పంపితే పని సులువవుతుందని చెబుతుంటే ఏమనాలో తోచలేదు. మా అమ్మాయి మాత్రం "మా అమ్మ పేరు ఉండాల్సిందే సార్" అంది. నేను నేర్పించిన మాట కాదది.

ఆ జనన ధ్రువపత్రాన్నే ఇంకొంచెం కిందికి చదవండి. జిల్లా మహబూబ్‌నగర్, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబరు 11న అచ్చంపేట నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లింది. ఊరు ఉన్నచోటే ఉంది, దాని జిల్లా పేరూ రాష్ట్రం పేరూ రెండూ మారాయి. దాని మీద ఏ కౌంటరులోనూ ఎవరూ ఎర్ర సున్నా చుట్టలేదు. ఊరికి రెండు చిరునామాలు ఉండవచ్చని అందరికీ అర్థమైంది. మనిషికి, అందులోనూ పెళ్లయిన ఆడమనిషికి, రెండు పేర్లు ఉండవచ్చని ఎందుకు అర్థం కాదు?

నిజానికి ప్రభుత్వానికి అర్థం కాకపోలేదు. పాస్‌పోర్టు దరఖాస్తు తీసి చూడండి. మీకు వేరే పేరేదైనా ఉందా అని అడిగే గడి ఉంది. నేను పాన్ కార్డు తీసుకున్నప్పుడు ఆ దరఖాస్తులోనూ అదే ప్రశ్న ఉంది. పోలీసులు కేసు రాస్తే నిందితుడి పేరు పక్కన అలియాస్ పెట్టి ఇంకో పేరు రాస్తారు. ఇక్కడి పాత భూమి కాగితాల్లో ఫలానా ఉరఫ్ ఫలానా అని రాసి ఉంటుంది, అలాంటివి ఎన్నో నా కొట్టులోనే జిరాక్స్ తీశాను. దరఖాస్తు పెట్టుకునే మనిషికి రెండు పేర్లు ఉండవచ్చు, ఆమె తల్లికి మాత్రం ఉండకూడదు. తల్లి పేరు, తండ్రి పేరు అన్నచోట ఒక్కొక్క గీతే ఉంటుంది. ఆ గీత కింద 'ఇతర పేరు ఉంటే' అని ఇంకో గీత చేరిస్తే ఖజానాకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. బడి ప్రవేశ దరఖాస్తులో, జనన నమోదు పత్రంలో, పాస్‌పోర్టు దరఖాస్తులో ఆ గీత చేర్చమనే నేను అడుగుతున్నాను.

ఇలా వదిలేస్తే దొంగలు పడతారని, రెండు పేర్లతో రెండు పింఛన్లు, రెండు రేషన్ కార్డులు తీసుకుంటారని ఒక ఉద్యోగి నాతో అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు, అలాంటి కాగితాలూ నా అద్దం మీదికి వచ్చి ఉంటాయి. అందుకే రెండో పేరును ఊరికే నమ్మమనడం లేదు, విచారణ చేయమంటున్నాను. కుల ధ్రువీకరణకు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణకు తహసీల్దారు కార్యాలయం విచారణ చేస్తూనే ఉంది. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, వస్తారు, నలుగురు పెద్దమనుషులను అడుగుతారు, పంచనామా రాసి సంతకాలు తీసుకుంటారు. 2020లో వీఆర్వోలను తీసేశాక ఊళ్లో అడిగేవాళ్లు లేరనుకున్నాం, ఇప్పుడు గ్రామ పాలన అధికారులు కూడా వచ్చారు. నా శుభలేఖ ఉంది, నా మెమో ఉంది, మా పుట్టింటి ఊళ్లో నాతో చదువుకున్నవాళ్లు ఉన్నారు, ఇక్కడ నన్ను కోడలిగా తీసుకొచ్చిన రోజు చూసినవాళ్లు ఉన్నారు. ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని విచారించి తహసీల్దారు ఒక పత్రం ఇస్తే, దాన్ని మిగతా కార్యాలయాలన్నీ అంగీకరించి తీరాలని ఉత్తర్వు ఉంటే, నా సమస్య ఒక పూటలో తీరుతుంది. ఇప్పుడు అలాంటి కాగితం కోసం అడిగితే ఒక అధికారి ఇస్తానంటారు, ఇంకొకరు మాకు అధికారం లేదంటారు. ఇచ్చినా దాన్ని ఫలానా చోట చెల్లదంటారు. చెల్లదన్న మాటైనా కాగితం మీద రాసి ఇస్తారా అంటే ఇవ్వరు. నోటితో చెప్పిన తిరస్కారం మీద ఎవరికని మొర పెట్టుకోను?

ఇది విదేశాలకు పోయే పిల్లల గొడవ మాత్రమేనని ఎవరైనా అనుకుంటే ఇంకో మాట. ఆడపిల్లలకు పుట్టింటి ఆస్తిలో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. హక్కు ఉన్నది పుట్టింటి పేరుకు, ఆధార్ ఉన్నది మెట్టినింటి పేరుకు. తండ్రి పోయాక భూమి వారసుల పేర మార్చేటప్పుడు కుటుంబ సభ్యుల పత్రంలో ఉన్న కూతురు, వేలిముద్ర వేయడానికి వచ్చిన కూతురు ఒకరు కాదని ఆపితే, అన్నదమ్ములు అప్పటికి ఊరుకుని ఆ తర్వాత మరచిపోతారు. నా కొట్టుకు అలాంటి ఆడవాళ్లూ వస్తారు. నకళ్లు తీయించుకుని, సంచిలో పెట్టుకుని, మళ్లీ కనబడరు. మగవాళ్లకు అక్షరాలు మారతాయి, ఆడవాళ్లకు పేర్లే మారతాయి. తండ్రి పేరుకంటే తల్లి పేరు దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటున్నారని నేను గట్టిగా చెప్పగలను.

మా అమ్మాయి కాగితాలు ఇంకా తేలలేదు. వచ్చే సోమవారం నల్గొండ కలెక్టరేట్ ప్రజావాణిలో ఈ రెండు కోరికలతో అర్జీ ఇస్తున్నాను: తల్లిదండ్రుల ఇతర పేరుకు ఒక గీత, తహసీల్దారు విచారణ పత్రానికి అన్నిచోట్లా విలువ. పాస్‌పోర్టు దరఖాస్తు కేంద్రం చేతిలోది కాబట్టి దాని గురించి పార్లమెంటు సభ్యుడికి వేరే రాస్తాను. దేవరకొండ, డిండి, చందంపేట మండలాల్లో ఇలా రెండు పేర్లతో ఇబ్బంది పడుతున్న తల్లులు, పెళ్లయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తమ కాగితాలు తీసుకుని ఆ ఉదయం కలెక్టరేట్ దగ్గరికి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కలిసి ఇద్దాం.

ఇట్లు,
యాదమ్మ ఉరఫ్ సుజాత,
దేవరకొండ, నల్గొండ జిల్లా